రైలు కంటే ముందు నేల: విజయనగరం, శ్రీకాకుళం స్టేషన్ల చుట్టూ ఉమ్మడి ప్రణాళికపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం నుంచి కొత్తవలస, విజయనగరం, చీపురుపల్లి, పొందూరు మీదుగా ఆమదాలవలసకూ, అక్కడి నుంచి పలాసకూ సాగే రైలు మార్గంలో ఉద్యోగానికీ చదువుకూ రోజూ వెళ్లివచ్చేవారు ఎందరో ఉన్నారు. ఉదయం, సాయంత్రం తరచుగా నడిచే లోకల్ రైళ్లు ఉంటే బాగుండునని వారి కోరిక. ఆ రోజు వచ్చేనాటికి స్టేషన్ చుట్టూ ఉన్న నేల సిద్ధంగా ఉండాలంటే మున్సిపాలిటీలు, పంచాయతీలు, అభివృద్ధి సంస్థలు కలిసి ఏమి చేయాలి, అందులో మన పాత్ర ఏమిటి అన్నదే ఇక్కడి విషయం. ఏ కొత్త రైలునూ ఇక్కడ ప్రకటించడం లేదు.

లోకల్ రైలు వచ్చినప్పుడు చూసుకుందాం. ఇప్పుడే ప్లాన్ ఎందుకు?

రైలు నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంది, దానికి ఏళ్లు పడతాయి. స్టేషన్ పక్క పొలం లేఅవుట్‌గా మారడానికి ఒక్క వేసవి చాలు. పొలం ప్లాట్లుగా విడిపోయి వందమంది పేర రిజిస్టర్ అయ్యాక అక్కడ వెడల్పాటి రోడ్డు వేయాలన్నా, బస్సులు తిరిగే స్థలం కావాలన్నా వందమందిని ఒప్పించాలి, వందమందికీ పరిహారం ఇవ్వాలి. పొలంగా ఉన్నప్పుడైతే ఆ రోడ్డును ప్లానులో గుర్తించి, లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడే దానికి కావలసిన స్థలాన్ని యజమాని వదిలిపెట్టేలా చూడవచ్చు.

పైగా ఈ ప్రాంతంలో కదలిక ఇప్పటికే మొదలైంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 జనవరిలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్‌ను విభజించినప్పుడు పలాస–విశాఖపట్నం–దువ్వాడ ప్రధాన మార్గం, కూనేరు–విజయనగరం, నౌపడ–పర్లాకిమిడి, బొబ్బిలి–సాలూరు మార్గాలు కొత్త విశాఖపట్నం డివిజన్‌లో ఉండేలా కేంద్రం నిర్ణయించింది. అంటే మన రెండు జిల్లాల స్టేషన్ల గురించి మాట్లాడవలసిన రైల్వే అధికారులు ఇక విశాఖలోనే ఉంటారు. స్టేషన్లను ఆధునీకరించే అమృత్ భారత్ పథకంలో విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, చీపురుపల్లి, కొత్తవలస, బొబ్బిలి, పార్వతీపురం, నౌపడ, పలాస స్టేషన్లు చేరాయి. భోగాపురం విమానాశ్రయం వల్ల చుట్టుపక్కల భూములపై ఒత్తిడి ఎలాంటిదో విజయనగరం జిల్లా వారికి వేరే చెప్పనక్కరలేదు.

"స్టేషన్ ప్రాంతం" అంటే ఎంత మేర?

కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన ప్రజారవాణా ఆధారిత పట్టణాభివృద్ధి విధానం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల వరకు ప్రభావ ప్రాంతంగా తీసుకోమంటుంది. మామూలు మనిషి పది పన్నెండు నిమిషాల్లో నడిచే దూరం అది. 800 మీటర్ల వృత్తం గీస్తే సుమారు 500 ఎకరాలు వస్తాయి. 500 మీటర్లకు తగ్గిస్తే సుమారు 195 ఎకరాలే. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంతో మంది జీవితాలను ప్రభావితం చేస్తుంది కాబట్టి ఏ మేర తీసుకుంటున్నారో మొదటి సమావేశంలోనే అడగాలి.

వృత్తం గీయడం ఒక మొదలు మాత్రమే. పట్టాలకు ఒక పక్కనే బుకింగ్ కౌంటరు, గేటు ఉంటే అవతలి పక్క ఇంటివారికి కాగితం మీద 300 మీటర్లు, కాలికి కిలోమీటరున్నర. మధ్యలో గెడ్డ (వాగు) ఉంటే, కాలిబాట లేని రోడ్డు ఉంటే, రాత్రి దీపాలు లేకపోతే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. అందుకే మంచి స్టేషన్ ప్లాను తయారుచేసేవారు ముందు కాలినడకన తిరిగి, నిజంగా పది నిమిషాల్లో చేరగలిగే ప్రాంతాన్ని పటం మీద వేస్తారు. స్టేషన్‌కు రెండు వైపులా ద్వారాలు, వాటిని కలిపే పాదచారుల వంతెన ఉంటే చాలా చోట్ల ఆ ప్రాంతం దాదాపు రెట్టింపు అవుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని స్టేషన్ ప్లానులో మరొకటి ఉండదని నా అభిప్రాయం.

ప్లాను వేయడానికి ఒక్క మున్సిపాలిటీ చాలదా? ఉమ్మడిగా ఎందుకు?

దీనికి శ్రీకాకుళం కంటే మంచి ఉదాహరణ దొరకదు. శ్రీకాకుళం నగరానికి రైల్వే స్టేషన్ నగరంలో లేదు. "శ్రీకాకుళం రోడ్డు" పేరుతో అది ఆమదాలవలసలో ఉంది. ఆమదాలవలస వేరే మున్సిపాలిటీ, శ్రీకాకుళం నగరపాలక సంస్థ. మధ్యలో పది పన్నెండు కిలోమీటర్ల రోడ్డు, ఆ రోడ్డు పొడవునా పంచాయతీలు. స్టేషన్ వాడుకునేవారిలో పెద్ద భాగం ఒక ఊరివారు, స్టేషన్ భారం మోసేది మరో ఊరు. ఆమదాలవలస మున్సిపాలిటీ స్టేషన్ ముందు రోడ్డు ఊడ్చాలి, కాలువలు చూడాలి, ఆటోల రద్దీ భరించాలి. ఆ రద్దీలో ఎక్కువ మంది పన్ను కట్టేది అక్కడ కాదు.

ఇక రైల్వే సొంత ఆస్తులపై మున్సిపాలిటీ ఆస్తిపన్ను వేయలేదు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగంలోని 285వ అధికరణం మినహాయింపు ఇచ్చింది. అందించే సేవలకు బదులుగా సేవా ఛార్జీలు మాత్రమే రాబట్టుకోవచ్చు. అవి ఆస్తిపన్నులో మూడింట ఒక వంతు నుంచి 75 శాతం వరకు, సేవలను బట్టి ఉంటాయి. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ముందు కూడా ఈ పద్ధతికే అంగీకారం కుదిరింది. మీ మున్సిపాలిటీ ఈ ఛార్జీల కోసం రైల్వేతో ఒప్పందం చేసుకుందో లేదో అడిగి తెలుసుకోవడం దండగ పని కాదు.

రేపు రైళ్ల సంఖ్య పెరిగితే ఈ అసమానత ఇంకా పెరుగుతుంది. స్టేషన్ బయట బస్సుల స్టాండు ఆమదాలవలస స్థలంలో కట్టాలి, అక్కడికి వచ్చే సిటీ బస్సులు శ్రీకాకుళం నుంచి బయలుదేరాలి, దారిలో బస్ షెల్టర్లు పంచాయతీల్లో ఉండాలి. ముగ్గురూ విడివిడిగా ప్లాన్లు వేసుకుంటే బస్సు వేళకు రైలు ఉండదు, రైలు వేళకు బస్సు ఉండదు. రథసప్తమికి అరసవల్లి వచ్చే భక్తుల్లో రైలు దిగేవారు ఆమదాలవలసలోనే దిగుతారు. ఆ రోజు ఏర్పాట్లలో అన్ని శాఖలూ కలిసి పనిచేస్తున్నాయి. ఏడాదిలో ఒక రోజు సాధ్యమయ్యేదాన్ని రోజువారీ పద్ధతిగా మార్చమనే అడుగుతున్నాం.

విజయనగరంలో స్టేషన్ నగరంలోనే ఉంది కదా? అక్కడ ఈ సమస్య లేదేమో?

స్టేషన్ నగరంలోనే ఉంది, కాని అది జంక్షన్. హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ, రాయ్‌పూర్ వెళ్లే మార్గం ఇక్కడే విడిపోతుంది. అందువల్ల స్టేషన్‌కు వచ్చేవారు మూడు వైపుల గ్రామాల నుంచి వస్తారు. నగరపాలక సంస్థ విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) పరిధిలో ఉంది. బొబ్బిలికి వేరే పట్టణాభివృద్ధి సంస్థ ఉంది, శ్రీకాకుళం వైపు శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ (సుడా) ఉంది. ఒకే రైలు మార్గం మీద మూడు అభివృద్ధి సంస్థల పటాలు. ఒకదాని అంచు దగ్గర రోడ్డు వంద అడుగులని చూపితే అవతలి పటంలో అదే రోడ్డు సన్నబడకుండా చూసుకోవాలి.

అసలు విషయం ఇంకొకటి ఉంది. ఈ మార్గంలో స్టేషన్లన్నీ పట్టణాల్లో లేవు. కంటకాపల్లి, అలమండ, సైనిక్ స్కూలు ఉన్న కోరుకొండ, గరివిడి, సిగడాం, ఖద్దరుకు పేరొందిన పొందూరు, దూసి ఇవన్నీ పంచాయతీల స్టేషన్లు. కొత్తవలస, చీపురుపల్లి పెద్దవే అయినా మేజర్ పంచాయతీలే. నెల్లిమర్ల మాత్రం నగర పంచాయతీ. అందుకే మన ప్రాంతంలో మున్సిపాలిటీల భాగస్వామ్యం అంటే పంచాయతీలు సమాన హోదాతో కూర్చోవలసిందే. టౌన్ ప్లానింగ్ సిబ్బంది లేని పంచాయతీని సంతకానికి మాత్రమే పిలిస్తే దాన్ని భాగస్వామ్యం అనలేం. పక్క మున్సిపాలిటీ లేదా అభివృద్ధి సంస్థ తన ప్లానరును, సర్వేయరును ఆ పంచాయతీ పని కోసం కేటాయించాలి.

ఏ పని ఎవరి చేతిలో ఉంది?

పట్టాలు, ప్లాట్‌ఫారాలు, స్టేషన్ ఆవరణ, రైళ్ల వేళలు రైల్వేవి. తన భూమిలో తన పనులకు రైల్వే మున్సిపల్ అనుమతి తీసుకోనక్కరలేదు. ఖాళీ రైల్వే భూములను వాణిజ్యపరంగా అభివృద్ధి చేసే పనికి రైలు భూముల అభివృద్ధి ప్రాధికార సంస్థ ఉంది. ఆవరణ గోడ దాటగానే బాధ్యతలు మారిపోతాయి. మాస్టర్ ప్లాన్ అభివృద్ధి సంస్థది. భవన అనుమతులు, వీధి దీపాలు, కాలువలు, మార్కెట్ స్థానిక సంస్థవి. పెద్ద రోడ్లు రోడ్లు భవనాల శాఖవి లేదా జాతీయ రహదారుల సంస్థవి. బస్సులు ఆర్టీసీవి. భూమి రికార్డులు రెవెన్యూ శాఖవి. చెరువులు చాలావరకు జలవనరుల శాఖవి.

రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు ఇల్లు కట్టుకునేవారు రైల్వే నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఈ ఒక్క నిబంధన తెలియక స్థలం కొని ఇబ్బంది పడేవారు ఉన్నారు. స్టేషన్ పక్క ప్లాటు కొనేముందు ఈ సంగతి చూసుకోండి.

ఇలా కలిసి ప్లాను వేయడానికి చట్టంలో చోటు ఉందా?

ఉంది. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన 243 జెడ్‌డి అధికరణం ప్రతి జిల్లాకూ ప్రణాళికా సంఘం ఉండాలంటుంది. పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడి ప్రయోజనం ఉన్న విషయాలను, అందులో స్థల వినియోగ ప్రణాళికను, నీటి పంపకాన్ని, మౌలిక వసతుల సమగ్రాభివృద్ధిని ఆ సంఘం చూడాలని స్పష్టంగా రాసి ఉంది. అందులో ఐదింట నాలుగు వంతుల సభ్యులు ఎన్నికైన స్థానిక ప్రతినిధుల నుంచే రావాలి. స్టేషన్ ప్రాంతం అచ్చంగా ఇలాంటి ఉమ్మడి విషయమే. ఇంత మంచి ఏర్పాటు రాజ్యాంగంలో ఉండగా మనం దాన్ని వాడుకోకపోవడం నాకు బాధ కలిగించే సంగతి. రాష్ట్రంలో 2016 నాటి మహానగర ప్రాంత, పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కూడా ఉంది. పరిధి దాటిన ప్రణాళికలకు, భూసమీకరణ పథకాలకు ఆధారం అదే.

ఒప్పందంలో ఏమేమి ఉండాలి?

కౌన్సిల్ తీర్మానంతో, పంచాయతీ తీర్మానంతో కుదిరిన రాతపూర్వక ఒప్పందం కావాలి. వేదిక మీద చేతులు కలిపి ఫొటో దిగితే చాలదు. సర్వే నంబర్లతో సహా ప్రాంతం హద్దులు, అందరూ వాడే ఒకే పటం, ప్లాన్ తయారీ ఖర్చులో ఎవరి వాటా ఎంత, రోడ్డు నిర్వహణ ఎవరిది, ఆదాయం ఎలా పంచుకోవాలి, మాట కుదరనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఇవన్నీ అందులో ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మధ్యకాలపు కట్టడి. ప్లాను తయారవడానికి ఏడాదో రెండేళ్లో పట్టినా ఆలోగా కొత్త లేఅవుట్లకు అనుమతులు పాత పద్ధతిలోనే వెళ్లిపోతే, ప్లాను పూర్తయ్యేసరికి ప్లాను వేయడానికి నేల మిగలదు. అందుకని ఆ కాలంలో 800 మీటర్ల లోపు వచ్చే ప్రతి లేఅవుట్ దరఖాస్తునూ ఉమ్మడి కమిటీ ఒకసారి చూడాలన్న షరతు పెట్టుకోవాలి. అనుమతులు ఆపేయమని కాదు. ప్రధాన రోడ్డు గీతకు అడ్డు పడుతున్నాయా, లేఅవుట్‌లో వదలవలసిన 10 శాతం ఖాళీ స్థలాలు పక్కపక్క లేఅవుట్లలో ఒకచోట కలిసేలా ఉన్నాయా అన్నది చూస్తే చాలు. నాలుగు లేఅవుట్ల ఖాళీ స్థలాలు నాలుగు మూలల్లో ముక్కలుగా పడి ఉంటే ఎవరికీ పనికిరావు, అవే ఒకచోట కలిస్తే పార్కో బస్సు స్టాండో అవుతుంది.

ఇలా ఎక్కడైనా చేశారా?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ నుంచి టాంటన్, ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణాలకు లోకల్ రైలు వేయాలనుకున్నారు. ఆ మార్గం ప్రభావం పడే 31 నగరాలు, పట్టణాలు ప్రాంతీయ ప్రణాళికా సంస్థలతో కలిసి 2009లో ఉమ్మడి భూ వినియోగ ప్రణాళిక సిద్ధం చేసుకున్నాయి. ఎక్కడ ఇళ్లు, దుకాణాలు పెంచాలో, ఎక్కడ పొలాలూ అడవులూ కాపాడాలో ప్రతి పట్టణమూ పటం మీద గుర్తించింది. రైలు నడవడం మొదలైంది 2025 మార్చిలో. ప్లానుకూ రైలుకూ మధ్య 16 ఏళ్లు గడిచాయి, ఆ 16 ఏళ్లలో నేల మీద ఏమి జరగాలో చెప్పే కాగితం అందరి దగ్గరా ఉంది. "రైలు ఎప్పుడొస్తుందో తెలియదు కదా" అనేవారికి నేను చెప్పే జవాబు ఇదే.

మన దేశంలో ఢిల్లీ–మీరట్ ప్రాంతీయ రైలు కోసం 2013లో కేంద్రం, నాలుగు రాష్ట్రాలు కలిసి ఒక సంస్థ ఏర్పాటు చేసుకున్నాయి. కేంద్రానికి 50 శాతం, ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లకు తలా 12.5 శాతం వాటా. 2023 అక్టోబరులో మొదటి భాగం మొదలైంది. ముంబయి లోకల్ రైళ్ల అభివృద్ధికి 1999 నుంచి రైల్వే, మహారాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపే సంస్థ ఉంది. హైదరాబాద్‌లో 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు మనకు బాగా తెలిసిందే. దాని తొలి దశ ఖర్చు సగం సగం. రెండో దశలో రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించాలని ఒప్పందం. నిధుల విడుదల ఆలస్యం కావడంతో ఆ పనులు ఏళ్ల తరబడి సాగాయి. వాటాలు రాసుకోవడం ఎంత ముఖ్యమో ఏ ఏడాది ఎంత ఇవ్వాలో రాసుకోవడమూ అంతే ముఖ్యమని ఆ అనుభవం చెబుతుంది.

ప్లానులో నా పొలం మీద రోడ్డు గీత పడింది. భూమి పోయినట్టేనా?

కాదు. ప్లానులో గుర్తించడం వేరు, భూసేకరణ వేరు. గీత పడినంత మాత్రాన యాజమాన్యం మారదు, సాగు ఆపనక్కరలేదు. అయితే అక్కడ భవనానికో లేఅవుట్‌కో అనుమతి కోరితే రోడ్డుకు పోయే భాగాన్ని వదలమంటారు. దానికి బదులుగా నిబంధనలను బట్టి డబ్బు రూపంలోనో, టీడీఆర్ బాండు (వేరే చోట వాడుకునే లేదా ఇతరులకు అమ్ముకునే నిర్మాణ హక్కు) రూపంలోనో పరిహారం ఉండవచ్చు. ప్రభుత్వం నేరుగా సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం ప్రకారం లెక్కగట్టిన పరిహారానికి నూటికి నూరు శాతం సొలేషియం (ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) కలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి గీత అలాగే ఉంచి, భూమి తీసుకోకుండా, అనుమతీ ఇవ్వకుండా రైతును నిలబెట్టడం అన్యాయం. ఆడపిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో అర ఎకరం అమ్ముకుందామనుకున్న మనిషి ఆ గీత వల్ల సగం ధరకు కూడా అమ్ముకోలేకపోతాడు. ఉమ్మడి ఒప్పందంలో ప్రతి రోడ్డు గీతకూ గడువు ఉండాలి. ఆలోగా సేకరించకపోతే పునఃసమీక్షించాలి.

డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్టేషన్ వార్త బయటకు రాగానే తెల్ల కాగితాల మీద ఒప్పందాలు రాయించుకునేవారు గ్రామాల్లోకి వస్తారు. 1977 చట్టం అసైన్డ్ భూముల బదిలీపై నిషేధం పెట్టింది. తర్వాత సడలింపులు వచ్చినా అవి షరతులతోనే వచ్చాయి. తహసీల్దారు కార్యాలయంలో మీ సర్వే నంబరు 22-ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందో లేదో చూసుకోకుండా ఎవరికీ సంతకం చేయకండి.

భూముల ధరలు పెరిగితే ఆ లాభంలో ఊరికి ఏమైనా మిగులుతుందా?

మనం ఏర్పాటు చేసుకుంటే మిగులుతుంది. రైలు ప్రజల సొమ్ముతో వస్తుంది, దాని వల్ల పెరిగిన విలువలో కొంత ప్రజల పనులకు తిరిగి రావడం న్యాయం. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2017లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర కొత్త పన్ను కనిపెట్టనక్కరలేదు. రిజిస్ట్రేషన్ సమయంలో స్టాంపు డ్యూటీతో పాటు వసూలయ్యే 1.5 శాతం బదిలీ సుంకం స్థానిక సంస్థలకు చెందవలసిన సొమ్ము. లేఅవుట్ అనుమతికి కట్టే అభివృద్ధి ఛార్జీలు, ఖాళీ స్థలాల పన్ను ఉండనే ఉన్నాయి. స్టేషన్ ప్రాంతంలోని సర్వే నంబర్ల నుంచి వచ్చే ఈ రాబడిలో ముందుగా అనుకున్న వాటాను ఒక ఉమ్మడి ఖాతాలో వేసి, అక్కడి కాలిబాటలకు, కాలువలకు, దీపాలకు మాత్రమే ఖర్చు చేయాలి. ఆ ఖాతా లెక్కలు ఏటా గ్రామసభలో, కౌన్సిల్‌లో చదివి వినిపించాలి.

ఆమదాలవలస, శ్రీకాకుళం విషయంలో ఇది మరింత అవసరం. స్టేషన్ ఖర్చు ఒకరిది, ప్రయోజనం ఇద్దరిది అయినప్పుడు నగరపాలక సంస్థ కూడా ఆ ఖాతాలో వాటా వేయాలి.

స్టేషన్ చుట్టూ పెద్ద పెద్ద అపార్టుమెంట్లు వస్తాయా?

అది రోడ్ల మీద ఆధారపడి ఉంటుంది. మన రాష్ట్ర భవన నిబంధనల్లో భవనం ఎంత ఎత్తు కట్టవచ్చన్నది ముందున్న రోడ్డు వెడల్పును బట్టే తేలుతుంది. ఈ రోజు స్టేషన్ దగ్గర సన్న రోడ్లు వేస్తే రేపు అక్కడ ఎక్కువ ఇళ్లకు చోటు ఉండదు. అప్పుడు రైలు ఎక్కేవారంతా దూరంగా ఇళ్లు కట్టుకుని ద్విచక్ర వాహనాల మీద వస్తారు, స్టేషన్ ముందు పార్కింగే మిగులుతుంది.

అలాగని పొందూరులోనో కోరుకొండలోనో పది అంతస్తులు కావాలని ఎవరూ అడగడం లేదు. రెండు మూడంతస్తుల ఇళ్లు, కింద దుకాణాలు, అద్దెకు చిన్న గదులు, ఉద్యోగినులకు హాస్టళ్లు ఉంటే చాలు. 2017 జాతీయ విధానం ప్రభావ ప్రాంతంలో అనుమతించే నిర్మాణంలో 30 శాతం అందుబాటు ధరల ఇళ్లకు ఉంచమని సిఫారసు చేసింది. రోజూ రైలెక్కి పనికి వెళ్లే కూలీలు, నర్సులు, గుమస్తాలు స్టేషన్‌కు నడిచి వచ్చే దూరంలో ఉండగలిగితేనే ఈ శ్రమకు అర్థం ఉంటుంది.

చిన్న దుకాణాలవారు, ఆటోవాళ్లు, కౌలు రైతుల సంగతి?

వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ ఉంది. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం సభ్యులు వ్యాపారులే కావాలి, వారిలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. స్టేషన్ ముందు టీ, టిఫిను, పూలు, పళ్లు అమ్మేవారికి ప్లానులోనే చోటు చూపాలి. ప్లాను అయ్యాక తొలగించి, తర్వాత ఎక్కడో ఊరి చివర స్థలం చూపడం వారి పొట్ట కొట్టడమే. ఆటోలకు నీడ ఉన్న స్టాండు, మరుగుదొడ్డి, రైలు వేళల బోర్డు కావాలి. ఈ మార్గంలో చాలా గ్రామాలకు షేర్ ఆటోయే స్టేషన్‌కు చేరే సాధనం. ఆటో సంఘాలవారు మొదటి సమావేశం నుంచీ ఉండాలి.

కౌలు రైతుకు ఈ మొత్తం వ్యవహారంలో కాగితం మీద పేరు ఉండదు. భూమి అమ్ముడుపోయిన రోజు అతని బతుకుతెరువు పోతుంది, పరిహారం యజమానికి వెళుతుంది. ప్లాన్ సర్వేలో ఎవరు సాగు చేస్తున్నారన్నది కూడా రాయించడం పంచాయతీ చేయగల పని. ఆ పని అడిగి చేయించండి.

చెరువులు, గెడ్డలు ఉన్నచోట ఏమి చేయాలి?

వాటిని ముందు గుర్తించి, తర్వాతే రోడ్లు గీయాలి. నాగావళి, వంశధార, చంపావతి నదుల మధ్య సాగే ఈ మార్గం పొడవునా పల్లపు పొలాలు, గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. రైలు కట్ట వర్షపు నీటికి అడ్డంగా ఉంటుంది. నీరు దాటడానికి కల్వర్టులే దారి. కల్వర్టు నోటి దగ్గర పొలాన్ని ఎత్తు చేసి ప్లాట్లు వేస్తే ఎగువ గ్రామం మునుగుతుంది, కొన్నిసార్లు కట్టే కోతకు గురవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ తుపానులు ఈ జిల్లాలకు ఏమి చేశాయో అందరికీ గుర్తుంది. స్టేషన్ అంటే తుపాను వేళ జనం తలదాచుకునే చోటు కూడా. అక్కడికి వెళ్లే రోడ్డే మోకాలి లోతు నీటిలో ఉండకూడదు.

గెడ్డకు మున్సిపాలిటీ హద్దు తెలియదు. ఎగువ పంచాయతీ, దిగువ మున్సిపాలిటీ ఒకే నీటి పటం మీద సంతకం చేయడం ఈ భాగస్వామ్యంలో అన్నిటికంటే ముందు జరగాలని నేను నమ్ముతాను.

రైల్వే గేటు దగ్గర గంటల కొద్దీ ఆగుతున్నాం. రైళ్లు పెరిగితే ఇంకా ఆగాలా?

గేటును అలాగే ఉంచితే ఆగక తప్పదు. ప్రధాన మార్గం మీద ఎక్స్‌ప్రెస్‌లు, విశాఖ ఓడరేవుకు వెళ్లే గూడ్సు రైళ్లు ఇప్పటికే ఉన్నాయి. లోకల్ రైళ్లు తరచుగా నడవాలంటే అదనపు లైన్లు, గేట్ల బదులు వంతెనలు రెండూ కావాలి. రోజుకు గేటు దాటే రైళ్ల సంఖ్యను వాహనాల సంఖ్యతో గుణిస్తే వచ్చే అంకె లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం సగం సగం ఖర్చుతో వంతెన కట్టే పద్ధతి ఉంది. ఆ లెక్క తీయించమని స్థానిక సంస్థ తీర్మానం చేసి పంపవచ్చు. వంతెన వస్తే కాలినడక వారికి, సైకిళ్లకు కింద దారి తప్పక ఉండాలని ఆ తీర్మానంలోనే రాయండి. వాహనాల వంతెన ఎక్కి ముసలివారు స్టేషన్‌కు చేరలేరు.

మా పంచాయతీ ఇందులో చేరితే మున్సిపాలిటీలో కలిపేస్తారా?

ఒప్పందం వల్ల విలీనం జరగదు. విలీనానికి ప్రభుత్వం వేరే ప్రక్రియ నడపాలి. భయం ఉంటే "ఈ ఒప్పందం హద్దుల మార్పుకు ఆధారం కాదు" అన్న వాక్యం అందులో చేర్పించండి.

పాలకవర్గం మారితే? ఎన్నికైన కౌన్సిలే లేకపోతే?

పాలకవర్గాలు మారతాయి, కొన్ని చోట్ల ప్రత్యేకాధికారుల పాలన ఉంటుంది. తీర్మానం ఒక్కటే ఉంటే తర్వాతి వారు పక్కన పెట్టేయగలరు. ఉమ్మడి ప్లానును అభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లానులో భాగంగా నోటిఫై చేయిస్తే దాన్ని మార్చడానికి మళ్లీ ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి. ప్రత్యేకాధికారి ఉన్నచోట వార్డు సభలు పెట్టి ప్రజల మాట రికార్డు చేయించడం అవసరం. ఎన్నికైనవారు లేని ఊరి తరఫున ఒక్క అధికారి సంతకంతో ముప్పై ఏళ్ల నిర్ణయం జరగకూడదు.

మా ఊరు స్టేషన్‌కు ఐదు కిలోమీటర్లు. మాకేమి సంబంధం?

నడక దూరంలో లేరు గాని బస్సు దూరంలో ఉన్నారు. రైలు వేళకు పల్లెవెలుగు బస్సు వస్తుందా, సైకిలు పెట్టుకోవడానికి భద్రమైన చోటు ఉందా అన్నది మీ ప్రశ్న. రాజాం లాంటి పట్టణానికి రైల్వే స్టేషన్ లేదు, అక్కడివారు చీపురుపల్లికో పొందూరుకో రావాలి. అందుకని ఆ స్టేషన్ల ప్లానులో రాజాం మున్సిపాలిటీకి కూడా కుర్చీ వేయాలి.

నేను మొదట ఏమి అడగాలి, ఎక్కడ?

స్టేషన్ నుంచి 800 మీటర్ల లోపు సర్వే నంబర్ల జాబితా, వాటిలో గత ఐదేళ్లలో అనుమతి పొందిన లేఅవుట్లు, మాస్టర్ ప్లానులో ఆ ప్రాంతానికి చూపిన భూ వినియోగం, ఈ మూడూ కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. ముసాయిదా ప్లాను ప్రకటించినప్పుడు అభ్యంతరాన్ని మీ సర్వే నంబరుతో, మీకు కావలసిన మార్పుతో రాతపూర్వకంగా ఇవ్వండి. ఒకే వీధివారు పదిమంది కలిసి ఒక పటం మీద గీసి ఇస్తే అధికారులకు అర్థం చేసుకోవడం తేలిక. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో రసీదు తీసుకోండి, విచారణ రోజున ఆ రసీదుతో వెళ్లండి.